క్రాపీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. చెట్టు పూలు పూయ చేప యొడ్డుకు జేరు
మోడు పక్క పడవ మోపి నిలిపి
యెరను మీద వేసి యెత్తుము మెల్లగా
కాగితంపు మూతి క్రాపి చేప

అవతారిక: మిసిసిపీ రాష్ట్రపు ఉత్తర భాగాన ఆర్కబట్ల, సార్డిస్, ఈనిడ్, గ్రెనేడా అని నాలుగు జలాశయాలు గలవు. వరదలు ఆపడానికి అమెరికా సైన్యపు ఇంజినీర్లు కట్టినవి. వసంతపు వానలకు చోటుండాలని చలికాలానికి ముందే నీళ్లు దించేస్తారు. మార్చిలో నీరు మళ్లీ పొదల్లోకి ఎక్కుతుంటే, ఆ నీటితో పాటు క్రాపీ చేప, దాని వెనక గాలపు కర్రలు పట్టుకుని మనుషులు బయల్దేరుతారు. ఆ మనుషులకు చెప్పిన పద్యమిది. కర్త ఎవరంటే ఈ టీకాకారుడే. మూలం లేని టీకాను లోకం ఒప్పుకోదు గనుక ముందు మూలం రాసుకోవలసి వచ్చింది.

చెట్టు = రెడ్‌బడ్ అను చెట్టు. ఆకు వేయకముందే కొమ్మ నిండా ఊదారంగు కలిసిన గులాబీ పూలు పూయును. పూలు పూయన్ = పూయగా. ఇక్కడొక శంక: నీళ్లలోని చేపకు గట్టు మీది పూలతో ఏం పని? ఏ పనీ లేదు. దానికి కావలసింది నీటి వెచ్చదనం. ఫారెన్‌హీటు 60 దాటి 65కు వస్తుంటే గుడ్లు పెట్టే కాలం. పాతకాలపు వాళ్ల దగ్గర థర్మామీటరు లేదు, చెట్టుంది. థర్మామీటరు ఉన్నవాడు కవిని నమ్మనక్కరలేదని నా అభిప్రాయం.

చేప = ముందుగా మగచేప. గూడు చేసేదీ, గుడ్లను కాచేదీ అదే. మన కొర్రమీను పిల్లల వెంట తిరిగినట్టే ఇదీ కాపలా మానదు. ఒడ్డుకు = లోతు తక్కువ నీటికి, అంతేగాని గట్టెక్కి అని కాదు.

మోడు = ఆనకట్టకు ముందు అక్కడున్న అడవిలో మిగిలిన చెట్టు మొదలు. మోడు లేనిచోట మనుషులే సమకూరుస్తారు. డిసెంబరులో దీపాలు పెట్టి పూజ్యంగా చూసుకున్న క్రిస్మస్ చెట్టుకు పండుగ కాగానే బరువు కట్టి చేపల కోసం చెరువులో ముంచుతారు. పడవ = పడవ.

మీద = ఈ పద్యానికి ప్రాణం ఈ మాటే. క్రాపీ పైకి చూసి మేసే చేప. దాని కిందకు జారిన ఎరను అది పట్టించుకోదు. బెండుకు కింద దారం ఎంత వదలాలో తెలియక, లోతుగా ఉంటే మంచిదని అడుగు దాకా వదిలేవాడు పొద్దంతా బురదకు మేత పెట్టినట్టే. అర అడుగు పైనున్నా తప్పు లేదు, అంగుళం కిందున్నా లాభం లేదు.

మెల్లగా = మణికట్టు కొద్దిగా లేపి. ఈ విశేషణం కవి ఊరికే వేయలేదు. బాస్ చేపదీ క్రాపీదీ ఒకే కుటుంబం, నోళ్లు మాత్రం వేరు. బాస్ దవడ గట్టిది, ముల్లు దిగాలంటే విసురుగా గుంజాలి. ఆ అలవాటుతో వచ్చినవాడు క్రాపీని గుంజితే పెదవి చిరిగి, ముల్లు ఒక్కటే గాల్లోకి లేస్తుంది. కాగితంపు మూతి అన్నది అందుకే. అమెరికన్లు కూడా దీన్ని కాగితపు నోరనే పిలుస్తారు కనుక ఇది కవి కల్పన కాదు, కవికి ఆ గొప్ప ఇవ్వనక్కరలేదు. పడవ దాకా వచ్చిన చేపను దారంతో ఎత్తకుండా కింద చేతివల పట్టడం మంచిది.

క్రాపి = క్రాపీ. గణం చెడుతుందని హ్రస్వం చేసెను. చేప అభ్యంతరం చెప్పలేదు. ఇందులో తెల్లది, నల్లది అని రెండు జాతులు. రంగు చూసి తేల్చబోతే తప్పుతాం, గుడ్ల కాలంలో తెల్ల జాతి మగచేప నల్లబడుతుంది. వీపు మీది ముళ్లు లెక్కపెట్టాలి: ఐదారైతే తెల్లది, ఏడెనిమిదైతే నల్లది.

తాత్పర్యం: తొలి వసంతంలో మోళ్ల దగ్గర చేప తలకు పైగా ఎర వేలాడదీసి, అది తగిలాక తొందరపడకుండా ఎత్తుము.

విశేషం: మొదటి పాదానికి ఎదురు నిలిచే సాక్ష్యం ఒకటుంది, దాచడం టీకాకారుడి ధర్మం కాదు. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు చేప ఈనిడ్ జలాశయం దగ్గరే దొరికింది. బరువు 5 పౌండ్ల 3 ఔన్సులు. పట్టిన రోజు 1957 జులై 31, నడి వేసవి.