ఎవరి జాగ్రత్త వారిది

మా బావకి కారంటే ప్రాణం. వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో వెంటో టీఎస్ఐ. ఇంజను చిన్నదే గానీ ఉరుకు ఎక్కువ. 2024 తొలకరికి తుమ్మపాల వచ్చినప్పుడు, తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే బండి జారుతోందంటూ నన్ను వెంటబెట్టుకుని చోడవరం రోడ్డులోని టైర్ల షాపుకి బయల్దేరాడు.

షాపు మేస్త్రీ పెద్దాయన. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు కుడి టైరు దగ్గర గొంతుకు కూర్చున్నాడు.

"బటన్లు సగం పైనే ఉన్నాయి కదా?" అన్నాడు బావ.

"బటన్లు సూత్తే టైరు వయసు తెలీదు బాబూ. ఇక్కడ సూడండి." టైరు పక్కన కోలగా ఉన్న గడిలో నాలుగంకెలు గోటితో చూపించాడు. 2317. "2017లో ఇరవై మూడో వారం సరుకిది."

తర్వాత పక్క గోడని బొటనవేలితో నొక్కాడు. రబ్బరు విచ్చుకుని సన్నటి పగుళ్లు పైకి తేలాయి. ఎప్పుడో ఫుట్‌పాత్‌కి రాసుకున్న మచ్చ కూడా అక్కడే ఉంది, నెలవంక ఆకారంలో.

ఎండకీ గాలికీ రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడుతుంది, రోడ్డు మీద పట్టు పోతుంది. అలాంటి టైరులో గాలి కాస్త తగ్గినా పక్క గోడ నలిగి నలిగి కాగిపోతుంది, వేగంలో ఉండగా పేలుతుంది. అందుకే అయిదేళ్లు దాటిన టైర్లని ఏటా చూపించుకోమనీ, పదేళ్లు నిండితే బటన్లున్నా తీసేయమనీ టైర్ల కంపెనీలే చెబుతాయి.

బావ గంటసేపు మేస్త్రీని వదల్లేదు. అచ్యుతాపురంలో 2022లో మొదలైన యోకొహామా ఫ్యాక్టరీ టైర్లు వేయిద్దామన్నాడు. అక్కడ చేసేవి ట్రాక్టర్లకీ, పెద్ద యంత్రాలకీ అని మేస్త్రీ చెప్పాడు. పోనీ 16 అంగుళాల రిమ్ములు పెట్టి, వెడల్పు 195కి పెంచుదామన్నాడు.

"పక్క గోడ పొట్టిదైపోతాది బాబూ. సెరుకు ట్రాక్టర్లు తిరిగే రోడ్డు ఇది. గోతిలో పడితే టైరు ఉబ్బుతాది, రిమ్ము సొట్టపడతాది."

చివరికి కంపెనీ ఇచ్చిన సైజే ఖాయమైంది. 185/60 ఆర్15, 84హెచ్. అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది, గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఎక్కువ కాలం మన్నే గట్టి రబ్బరు వద్దని, తడిలో పట్టు ఉండేదే ఏరుకున్నాడు బావ. నాలుగు టైర్ల మీదా తేదీ అంకెలు తనే వంగి చదివాడు. ఒకటి ఏడాది పాతదని తేలితే మార్పించాడు.

"ఇందులో మా పాప కూర్చుంటుంది" అన్నాడు. నాకు బావ మీద గౌరవం పెరిగింది.

డబ్బు కట్టాక మేస్త్రీ పాత టైర్లకేసి చూశాడు. "వీటిని కోసి పడేత్తాను బాబూ. మళ్లీ ఏ బండికీ ఎక్కకూడదు."

బావ ఆగమన్నాడు. రోడ్డవతల పాత టైర్లు కొనే అతను ఒక్కోదానికి 600 ఇస్తానన్నాడు. నల్లరంగు పూస్తే కొత్తవాటిలా కనిపిస్తాయన్నాడు.

"టాక్సీలోళ్లు కొంటారు బాబూ. అందులో ఎక్కేదీ మనుసులే" అన్నాడు మేస్త్రీ మెల్లగా.

"కొనేవాడు చూసుకుని కొనుక్కోవాలి. ఎవరి జాగ్రత్త వారిది" అంటూ బావ 2,400 లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

దసరాకి బావ ముందే ఊరొచ్చేశాడు. పాపకి బడి ఉండటంతో తనూ, అక్కా సాయంత్రం వైజాగ్‌లో టాక్సీ ఎక్కారు. అనకాపల్లి బండి, ఖాళీగా తిరిగొస్తూ తక్కువకి దొరికింది. లంకెలపాలెం దాటాక హైవే మీద ముందు టైరు పేలింది. బండి వెళ్లి డివైడరుని గుద్దుకుంది. అక్కకి నుదుటి మీద కుట్లు పడ్డాయి. పాప కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

వాళ్లకి ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక బావా, నేనూ ఆ బండి దగ్గరికి వెళ్లాం. బావ డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. "టైర్లు చూసుకోవద్దా? బండిలో పసిపిల్ల ఉందే!"

నేను ఫోను లైటు పేలిన టైరు మీద వేశాను. పక్క గోడకి పూసిన నల్లరంగు గీరుకుపోయింది. కింద నెలవంక మచ్చ, దాని పక్కనే 2317.

బావ చెయ్యి కాలరు మీంచి జారిపోయింది.

డ్రైవరు ఏడుస్తూ చెప్పుకుపోతున్నాడు. "చూసే కొన్నానండీ. ఎవరో సాఫ్ట్‌వేర్ సారు కారువంట. ఇంట్లో పాప ఉన్న మనిషి, చాలా జాగ్రత్తగా వాడాడని చెప్పాడండీ. ఆ నమ్మకంతోనే వేసుకున్నాను."