చీపురు పట్టిన కమాండర్

మహారాష్ట్రలోని మా సిరొంచ దిక్కు చెత్త మూడు తోవల్లో వస్తుంది. ఒకటి ఇంట్లోంచి. రెండోది, ప్రాణహిత, గోదావరి పొంగినప్పుడు ఎగువ ఊళ్ల నుంచి. మూడోది ఆకాశం నుంచి. ఈ మూడోదాన్ని నమ్మనివాళ్లు పక్కనున్న చాందా (చంద్రపూర్) జిల్లాకు పోయి, సింధేవాహి తాలూకా లాడ్‌బోరిలో అడగవచ్చు. 2022 ఏప్రిల్ 2న, రాత్రి ఎనిమిది కావస్తుండగా, ఆకాశంలో నిప్పుల చారలు సాగిపోయాయి. కాసేపటికి సుమారు మూడు మీటర్ల వెడల్పున్న లోహపు రింగు ఒకటి ఆ ఊళ్లో ఖాళీ జాగాలో పడింది. ఆ చుట్టుపక్కలే ఒక లోహపు గోళం కూడా దొరికింది. 2021 ఫిబ్రవరిలో చైనా ఎగరేసిన లాంగ్ మార్చ్ రాకెట్ మూడో అంచె తాలూకు ముక్కలు అయ్యుంటాయని నిపుణులు లెక్క కట్టారు.

ఆ రోజు ఉగాది. అప్పటికి గుఢీలు దించేశారు, పచ్చడి గిన్నెలు కడిగేశారు, పంచాంగం వినడం కూడా అయిపోయింది. శుభకృత్ నామ సంవత్సరంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నీ చదివారు గానీ, పైనుంచి చైనా ఇనుము రాబడి ఉందని ఏ పంతులూ చెప్పలేదు.

పాతకాలం వాళ్లకు ఇది కొత్త కాదు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం మీద పడుతుందంటే, ఎలాగూ పోయే ప్రాణమే కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్న కథలు తెలంగాణ పల్లెల్లో బోలెడు. 2021లో దాని మీద సినిమా కూడా వచ్చింది. స్కైలాబ్ మాత్రం ఆస్ట్రేలియా పోయి ఎస్పెరన్స్ అనే ఊరి చుట్టూ పడింది. ఆ ఊరి పాలకవర్గం ‘మా ఊళ్లో చెత్త పోశారు’ అని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. నాసా కట్టలేదు. 2009లో ఒక అమెరికా రేడియో ఆయన శ్రోతల దగ్గర చందాలు పోగేసి ఆ బాకీ తీర్చాడు. మన మేకల బాకీ మాత్రం ఇంకా అలాగే ఉంది.

లాడ్‌బోరిలో రింగు పడిన రాత్రి, మన నెత్తి మీద 400 కిలోమీటర్ల ఎత్తున, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రాజాచారి ఉన్నాడు. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా పోయిన ఇంజినీరు. కొడుకు అప్పటికి అమెరికా వైమానిక దళంలో కర్నల్, టెస్ట్ పైలట్, 2021 నవంబర్‌లో నలుగురితో పైకి పోయిన డ్రాగన్ నౌకకు కమాండర్. మనవాడే అని ఛాతీ పొంగించి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అంతా విని ఒకటే అడిగింది.

“గదంత మంచిదే గనీ, ఆడ ఇల్లు ఎవలు ఊడుస్తరు?”

రాకెట్ల గురించి ఎన్నో చదివాను గానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు. వెతికితే జవాబు దొరికింది. వాళ్లే ఊడుస్తారు. శనివారం వచ్చిందంటే స్టేషన్లో ఇల్లు శుభ్రం చేసే రోజు. కర్నలైనా, డాక్టరైనా, కమాండరైనా వాక్యూమ్ క్లీనర్ పట్టాల్సిందే, తడి గుడ్డతో పట్టుకునే కమ్మీలు తుడవాల్సిందే. అక్కడ దుమ్ము కింద పడదు. నేల, గోడ, కప్పు అనే తేడా లేదు కాబట్టి ఆరు దిక్కులూ ఊడ్చుకోవాలి. గాలిని లోపలికి లాగే జాలీ ఉంటుంది. రాలిన వెంట్రుకలు, నూలు పోగులు, చేజారిన పెన్నులు, చెంచాలు అన్నీ తేలుకుంటూ పోయి దానికే అతుక్కుంటాయి. ఏదన్నా పోతే ముందు అక్కడే వెతుకుతారు.

“గసొంటి జాలి మనింట్ల గూడ వెట్టియ్యుండ్రి. మీ కండ్లద్దాలు దేవులాడుడు తప్పుతది” అంది ఆవిడ.

అయితే జాలీకి కూడా చిక్కనివి ఉంటాయి. ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగామి అక్కడే పండిన చిన్న టమాటాలను సంచిలో పెట్టుకుని ఎక్కడో పోగొట్టుకున్నాడు. గంటల తరబడి వెతికాడు, దొరకలేదు. ఇంకేం, తినేసి ఉంటాడని తోటివాళ్ల ఆటపట్టింపు. ఆయన దిగి వచ్చిన కొన్ని నెలలకు, 2023 డిసెంబర్లో, ఎండి వడలిపోయిన టమాటాలు సంచితో సహా బయటపడ్డాయి. అంతకన్నా ఇరకాటం 1969లో అపోలో 10లో వచ్చింది. చంద్రుడి దగ్గరికి పోయిన ఆ ముగ్గురి మధ్య గాలిలో ఒక మలం ముద్ద తేలుతూ కనబడింది. నాది కాదంటే నాది కాదని ముగ్గురూ అన్నారు. ఆ మాటలు టేపులో రికార్డయ్యాయి. మూడు లక్షల కిలోమీటర్ల దూరం పోయినా మగవాళ్ల జవాబు మారలేదు.

మా అమ్మ సందేహం వేరు. దీపం పెట్టినంక ఇల్లు ఊడ్చి చెత్త బయట పోస్తే లక్ష్మి పోతుందని ఆమె నమ్మకం. స్టేషన్ తొంభై నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది కాబట్టి రోజుకు పదహారు సార్లు పొద్దు గుంకుతుంది. ఊడ్చడం మొదలుపెట్టి సగం గదికి వచ్చేసరికి దీపాల వేళ అవుతుంది. “మరి గాళ్లింట్ల లక్ష్మి ఎట్ల నిలుస్తది బిడ్డా?” అని అడిగింది. ఆ ఇల్లు కట్టడానికి అయిన ఖర్చు చూస్తే, నిజంగానే నిలవలేదు.

ఇక పోగైన చెత్త సంగతి. మా ఊళ్లో ఘంటాగాడీ అనే చెత్త బండి వస్తే ఓలా కచరా, సుకా కచరా, అంటే తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా ఇవ్వాలి. అక్కడా తడి, పొడి వేరే. తిండి మిగిలిన పాకెట్లు వాసన రాకుండా గట్టిగా చుట్టి మూటలు కడతారు. మలం డబ్బాల్లో మూసిపెడతారు. రాజాచారి ఉన్నప్పుడు వాళ్లకు వచ్చిన ఘంటాగాడీ పేరు సిగ్నస్. 2022 ఫిబ్రవరిలో సరుకులతో వచ్చి అంటుకుంది. తెచ్చిన సామాను దించుకుంటూ, ఖాళీ అయిన చోట చెత్త నింపుకుంటూ పోయారు. జూన్ నెలాఖరున దాన్ని విప్పి వదిలారు. కిందికి దిగుతూ, గాలి రాపిడికి చెత్తతో పాటు బండి కూడా కాలిపోయింది. కిరాణా సామానూ చెత్తా ఒకే బండిలో అంటే మా ఆవిడ ముఖం చిట్లించింది గానీ, మళ్లీ రాని బండి అన్నాక ఒప్పుకుంది.

బట్టల విషయం విని మాత్రం మెచ్చుకుంది. అక్కడ ఉతుకుడు లేదు. మురికయ్యేదాకా తొడుక్కోవడం, తర్వాత చెత్తలో వేయడం. ఒక్క మనిషికి ఏడాదికి దాదాపు డెబ్బై కిలోల బట్టలు పంపాల్సి వస్తుందట. లాడ్‌బోరిలో రింగు పడిన ఆ ఏప్రిల్లోనే 13 నుంచి 24 దాకా ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. స్నానం చేసి కట్టుబట్ట నీళ్లలో వదిలి పోయినవాళ్లు మా ఘాట్ దగ్గర తక్కువేం కాదు. వ్యోమగాములు వదిలిన బట్ట కాలి బూడిదైపోతుంది. మన భక్తులు వదిలింది మెట్లకు చుట్టుకుని ఉంటుంది.

కాలిపోతుందనుకున్నదల్లా కాలదు కూడా. 2021 మార్చిలో పాత బ్యాటరీలు పెట్టిన రెండున్నర టన్నుల పైచిలుకు బరువున్న చట్రాన్ని స్టేషన్ నుంచి వదిలేశారు. మూడేళ్లు తిరిగి 2024 మార్చి 8న అది దిగింది. అందులో ఏడువందల గ్రాముల ముక్క ఫ్లోరిడాలో నేపుల్స్ అనే ఊళ్లో ఒకరి ఇంటి కప్పు చీల్చుకుని లోపల పడింది. ఇలాంటి నష్టం ఇంకో దేశంలో జరిగితే ఎగరేసిన దేశమే పూచీ అని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. పక్కింటి గుమ్మంలోకి చెత్త నెట్టేవాళ్లకు అలాంటి ఒప్పందం మా గల్లీలో ఇంకా కుదరలేదు.

నాకు తేలింది ఇది. అంతరిక్షానికి పోవాలంటే లెక్కలు రావాలి, గుండె గట్టిగా ఉండాలి, ఊడ్చడం రావాలి. మొదటి రెండూ మన మగపిల్లల్లో చాలామందికి ఉన్నాయి, మూడోది మనం నేర్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో శనివారం చీపురు నాది. మీ ఇంట్లో కూడా ఎవరన్నా పిల్లగాడు వ్యోమగామి అవుతానంటే, ముందు చీపురు చేతికివ్వండి. టెలిస్కోపు తర్వాత కొనొచ్చు.