గోబర్ గ్యాస్ ప్లాంటు గోడు

నేను గోబర్ గ్యాస్ ప్లాంటును. హాస్టలు వంటగది వెనక, పిచ్చిమొక్కల్లో ఒక పక్కకు ఒరిగి తుప్పుపట్టిన ఇనప డ్రమ్ము కనిపిస్తుందే, అది నాదే. దాని కింద ఇటుకల బావి ఉంది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960ల నుంచి ఊళ్లలో కట్టించిన తేలే డ్రమ్ము నమూనా నాది. గొయ్యి తవ్వారు, ఇటుకలు పేర్చారు, పైన డ్రమ్ము బోర్లించారు.

అప్పట్లో హాస్టలుకు సొంత పశువులుండేవి. పొద్దున్నే పేడ, నీళ్లు సమంగా కలిపి తొట్టిలో పోసేవారు. గాలి సోకని చీకట్లో నా సూక్ష్మజీవులు దాన్ని గ్యాస్ చేసేవి. అందులో సగానికి పైగా మీథేనే. గ్యాస్ నిండేకొద్దీ డ్రమ్ము పైకి లేచేది. వంటావిడ దాని ఎత్తు చూసుకునే పొయ్యి ముట్టించేది. మసి లేని నీలి మంట! నేనూ కాస్త పొంగిపోయేదాన్ని.

తర్వాత మేపే మనిషి లేడని పశువుల్ని అమ్మేశారు. "పేడ లేకపోతేనేం, ఎంగిలి కూడు బోలెడుందిగా" అంటూ మిగిలిన అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు నాలో గుమ్మరించారు. మొదట గ్యాస్ ఇంకా ఎక్కువే వచ్చింది. అందరూ మురిశారు. పోనుపోను లోపల ఆమ్లాలు పేరుకుని పుల్లటి కంపు మొదలైంది. డ్రమ్ము లేవడం మానేసింది. "ఎంత పోసినా ఇంతే, దండగమారి ప్లాంటు" అన్నారు.

నా బాధ ఎవరికి చెప్పుకోను? మీథేన్ పుట్టించే ఎంజైము గుండెలో నికెల్ పరమాణువు ఉండాలి. అది లేనిదే మీథేన్ లేదు. కోబాల్ట్, ఇనుము, మాలిబ్డినం, సెలీనియం కూడా రవ్వంత కావాలి. పేడలో ఇవి మేత నుంచి, దాణాలో కలిపే ఖనిజ మిశ్రమం నుంచి వచ్చేవి. ఎంగిలి కూడులో అవి చాలవు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఆ లెక్క ప్రకటించారు: ఆహార వ్యర్థాలతోనే, ఓ మోస్తరు మేతతో నడిచే ప్లాంటులో పోసే ప్రతి కిలో తడి మేతకు సెలీనియం సుమారు 0.16, కోబాల్ట్ 0.22 మిల్లీగ్రాములు ఉండాలట. కూరలో చిటికెడు ఉప్పు తగ్గితే కేకలేసే వార్డెను గారు నాకు తగ్గినదేమిటో ఒక్కనాడూ అడగలేదు.

పైపు కోసుకుపోయారు. వాల్వు పాత సామాన్లవాడి పాలైంది. డ్రమ్ముకు మాత్రం బేరం కుదరలేదు. తుప్పు బరువు తీసేసి తూస్తానన్నాడట. ఇప్పుడు వంటకు సిలిండర్లు వస్తున్నాయి. ఎంగిలి కూడు గోడవతల కుప్పలో కుళ్లుతోంది. ఆ కుప్ప అడుగునా మీథేన్ పుడుతుంది, ఎవరి పొయ్యికీ అందకుండా గాలిలో కలుస్తుంది.

అయ్యా, అమ్మా! మీ హోటలు వెనకో, అపార్టుమెంటు మూలనో నాలాంటిది మూలుగుతుంటే కొన్నాళ్లు కూడు పోయడం ఆపండి. ఆపైన కూడుతో పాటు పేడ కలపండి. పెద్ద ప్లాంటైతే లోపలి ద్రవాన్ని (స్లరీ) పరీక్ష చేయించి, నిపుణులు చెప్పిన మోతాదులోనే లోహ లవణాలు వేయండి. మోతాదు మించితే అవే విషం. లోహమే కదా అని పాత బ్యాటరీలు పడేయకండి. ఆ స్లరీ చివరికి చేరేది మీ పొలానికే. ప్లాంటు పాడైందని తీర్మానించేముందు, చివరిసారి పేడ ఎప్పుడు పోశారో గుర్తుచేసుకోండి.