బేస్ వదిలిన కుర్రాడు

సాఫ్ట్‌బాల్ తెలిసినవాడికి బేస్‌బాల్ కూడా తెలిసినట్టేనని చాలాకాలం నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, పిల్లలకి కూడా అదే చెప్పాను. తిరుత్తణి, తిరువళ్ళూరు వైపు నేను చూసిన పోటీల్లో పొద్దున ఆడపిల్లల సాఫ్ట్‌బాల్‌కి నిలబడ్డ అంపైరే మధ్యాహ్నం మగపిల్లల బేస్‌బాల్‌కీ నిలబడాలి. వేరే మనిషి దొరకడు. అలా నిలబడ్డవాళ్ళలో నేనొకణ్ణి.

కాట్టుపల్లిలో ఒక బేస్‌బాల్ మ్యాచ్. మొదటి బేస్ మీదున్న కుర్రాడు, పిచ్చర్ బంతి వెయ్యకముందే నాలుగడుగులు ముందుకి జరిగాడు. నేను ఆట ఆపి ఔట్ ఇచ్చేశాను. సాఫ్ట్‌బాల్‌లో ఐతే అది సరైన తీర్పే. బంతి పిచ్చర్ చెయ్యి దాటేదాకా రన్నర్ కాలు బేస్ మీదే ఉండాలి, ముందే వదిలితే ఔట్. బేస్‌బాల్‌లో అలా జరిగి నిలబడటం రన్నర్ హక్కు. మరీ దూరం వెళ్ళాడనిపిస్తే పిచ్చరే బంతిని బేస్‌కి విసిరి ఔట్ చేయించుకోవాలి. అందులో అంపైరు చెయ్యాల్సింది ఏమీ లేదు.

“సార్, ఇది బేస్‌బాల్ గదా సార్” అన్నాడా పిల్లవాడు. అంపైరు చెప్పిందే ఆఖరి మాట అని గద్దించి బయటికి పంపేశాను. వాళ్ళ కోచ్ నా వయసు చూసి నోరెత్తలేదు.

ఆ రాత్రి రెండు నియమావళులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటే చెయ్యాల్సిన పని అది. నాలుగు బేస్‌లు, మూడు స్ట్రైకులు, మూడు ఔట్లు రెండింట్లోనూ ఉన్నాయి కాబట్టి తక్కినదీ ఒకటేనని నేను అనుకున్నాను. నియమాల వెనక దూరాలున్నాయని ఆలోచించలేదు. 1887లో చికాగోలో జార్జ్ హాంకాక్ హాలు లోపల ఆడించిన ఆట నుంచి సాఫ్ట్‌బాల్ పెరిగింది. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులే. ముందుగా జరగనిస్తే రెండో బేస్ దొంగిలించడం మరీ తేలికైపోతుంది. బేస్‌బాల్‌లో ఆ దూరం 90 అడుగులు, అందుకే రన్నర్‌కి ఆ వెసులుబాటు. దానికి బదులు పిచ్చర్‌కి బేస్ వైపు విసిరే అవకాశం, ఆ అవకాశంతో రన్నర్‌ని మోసం చెయ్యకుండా బాక్ నియమం. ఒకటి తీసేస్తే మిగతావి నిలవవు.

స్ట్రైక్ విషయంలోనూ నా కన్ను సాఫ్ట్‌బాల్ కన్నే. మహిళల సాఫ్ట్‌బాల్‌లో 43 అడుగుల నుంచి, తుంటి దగ్గర వదిలిన బంతి పైకి లేస్తూ వస్తుంది. బేస్‌బాల్‌లో 60 అడుగుల 6 అంగుళాల నుంచి, ఎత్తయిన దిబ్బ మీద నుంచి కిందికి దిగుతుంది. మోకాలి చిప్ప కింది గుంట దాకా స్ట్రైకే. అక్కడిదాకా దిగిన బంతుల్ని నేను ఎన్నిసార్లు బాల్ అన్నానో!

ఐనా అన్నిటికంటే పెద్ద తెలివితక్కువతనం, ఆఖరి మాట నాదే అనడం. కంటితో చూసి చెప్పేదే ఆఖరి మాట. నియమాన్ని తప్పుగా వర్తింపజేస్తే అది ఆఖరిది కాదు, ప్రశ్నించే హక్కు జట్టుకి ఉంది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జిమ్ జాయిస్ అనే అంపైరు, ఔటైన ఆఖరి బ్యాటర్‌ని సేఫ్ అనేశాడు. దాంతో పిచ్చర్ ఆర్మాండో గలరాగా, ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని పర్ఫెక్ట్ గేమ్ పోయింది. ఆటయ్యాక వీడియో చూసి జాయిస్ తప్పు ఒప్పుకున్నాడు, మర్నాడు గలరాగా తన జట్టు జాబితా తెచ్చి ఇస్తుంటే కన్నీళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కన్ను తప్పింది. నాది చదవకపోవడం, అడిగిన పిల్లవాణ్ణి గద్దించడం. ఆయనకి దక్కిన సానుభూతి నాకు దక్కదు, దక్కకూడదు.

మన బడుల కోచ్‌లకి ఒక మనవి. స్ట్రైకా బాలా అన్నదాని మీద అంపైరుతో వాదించకండి. నియమమే తప్పనిపిస్తే మాత్రం వయసు చూడకండి, తర్వాతి బంతి పడకముందే వచ్చి అడగండి. ఆ బంతి పడిపోయాక అడిగి లాభం లేదు.