రిసీవర్ సెల్లుల పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము:
జాతి వయసు నొక్క చందమైనవి యైదు
అతికి కట్టవలయు నదరకుండ
పొట్ట పెద్ద దనుచు బోల్తాపడకుమన్న
ఇచ్చు చేయి చూడుమెంచి ముందు

అవతారిక: రేడియో సంకేతాలతో దూరం నుంచి నడిపే బొమ్మకారు విద్యుత్ మోటారుతో పరుగెత్తేదైతే, దాని పెద్ద బ్యాటరీయే రిసీవరుకు కూడా ఇంత ముద్ద పెడుతుంది కనుక ఈ పద్యంతో పని లేదు. నైట్రో ఇంధనంతో నడిచే కారులో మాత్రం, సంకేతాన్ని అందుకొనే రిసీవరుకూ, స్టీరింగునూ థ్రాటిల్‌నూ కదిలించే సర్వోలనే చిన్న మోటార్లకూ వేరుగా వడ్డించాలి. ఆ వడ్డనకై కట్టిన సెల్లుల కట్టకే రిసీవర్ ప్యాక్ అని పేరు.

ప్రతిపదార్థము: జాతి = రసాయనము (ఇక్కడ నికెల్ మెటల్ హైడ్రైడ్); వయసు = వాడిన కాలము; అతికి = లోహపు పట్టీలతో వెల్డు చేసి; పొట్ట = మిల్లీయాంప్ అవర్లలో చెప్పే నిలువ సామర్థ్యము; ఇచ్చు చేయి = అడిగిన తక్షణమే కరెంటు ఇవ్వగల శక్తి; అన్న = ఓ కొనుగోలుదారుడా.

టీక: 'ఐదు' అనడంలో లెక్క ఉంది. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు కనుక ఐదూ కలిసి 6 వోల్టులవుతాయి. 1.5 వోల్టుల ఆల్కలీన్ సెల్లులు నాలుగున్నా 6 వోల్టులే కదా అని పూర్వపక్షులు వాదిస్తారు గానీ, సర్వో గట్టిగా లాగిన క్షణాన వాటి వోల్టేజి జారిపోతుందని వారు గమనించరు. 'అదరకుండ' అన్నది స్ప్రింగు హోల్డర్లపై విసురు. గుంతలో పడిన కారులో స్ప్రింగు కనురెప్పపాటు ఎడమైనా కరెంటు తెగుతుంది. జాతి, వయసు కలవనివి వరుసలో ఉంటే నీరసమైనది ముందుగా ఖాళీ అయి, మిగిలినవాటి ఒత్తిడికి ధ్రువాలు తారుమారై చెడుతుంది.

పద్యానికి ప్రాణం మూడు, నాలుగు పాదాల్లో ఉంది. అంగడిలో 2000, 2700 అని అంకెలు చూడగానే చేయి పెద్దదానివైపే పోతుంది. అయితే అటువంటి బొజ్జ సెల్లులు చాలావరకు వాడకుండా ఉంచినా త్వరగా ఖాళీ అవుతాయి. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ పేరిట తెచ్చిన రకం సెల్లులు అంకెలో తగ్గినా నెలల తరబడి నిలువ కాపాడతాయి. ఇక 'ఇచ్చు చేయి'కి అడ్డుపడేది సెల్లు లోపలి నిరోధం. ఒక్కో సెల్లులో 0.03 ఓములుంటే, 4 యాంపియర్లు లాగినప్పుడు ఐదింటిలో కలిపి 0.6 వోల్టులు పోతాయి, 0.1 ఓము ఉంటే 2 వోల్టులు పోయి నాలుగే మిగులుతాయి. ఇంకాస్త జారితే రిసీవరు మూర్ఛపోతుంది, థ్రాటిల్ తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది, కారు యజమానిని విడిచి దిక్కు చూసుకొంటుంది. ఇటువంటి ఆపదలో థ్రాటిల్‌ను మూసేందుకే ఫెయిల్‌సేఫ్ అనే ఏర్పాటు ఉన్నదంటారు గానీ, అదీ ఈ కట్ట అన్నమే తింటుంది.

తాత్పర్యము: ఒకేసారి కొన్న ఒకే రకం సెల్లులు ఐదింటిని వెల్డు చేయించి కట్టాలి, సామర్థ్యపు అంకె కన్నా నిరోధం తక్కువగా ఉందా అన్నది ముందు చూడాలి.

విశేషము: 'బోల్తాపడకు' అన్నచోట మోసపోవడమనీ, కారు తలకిందులవడమనీ రెండర్థాలు రావడం శ్లేష. లిథియం పాలిమర్ పక్షంవారు మొదటి పాదంలో 'యైదు'కు బదులు 'రెండు' అని పాఠాంతరం కల్పిస్తున్నారు. దానివల్ల గణాలు చెడవు. అయితే నిండుగా చార్జి చేసిన రెండు లిథియం సెల్లులు 8.4 వోల్టులవుతాయి గనుక, రెగ్యులేటరు లేనిచోట 6 వోల్టుల సర్వోలు చెడతాయి.