పురుగు నొచ్చుకోకుండా ఫ్లీల నివారణ

ఇంట్లో కుక్కకో పిల్లికో ఫ్లీలు, అంటే రక్తం తాగే బుల్లి పురుగులు, పట్టాయంటే మీ ముందు రెండు దారులుంటాయి. ఒకటి, కొన్నాళ్లు నడుం వంచి ఇల్లు శుభ్రం చేసుకుని, పశువుల డాక్టరుకు ఫీజు కట్టి పీడ వదిలించుకోవడం. రెండోది, డబ్బాలో పసుపు, పెరట్లో వేపచెట్టు, పక్కింట్లో పిన్నిగారు ఉండగా డాక్టరు దేనికని ధైర్యంగా ఉండటం. ఈ సూచనలు రెండో దారివారి కోసం. తు.చ. తప్పకుండా పాటిస్తే మీ ఇంట ఫ్లీల వంశం మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతుందని మా హామీ.

1. ముందుగా రోగం పేరు మార్చండి

కుక్క తోక మొదట్లో అదేపనిగా కొరుక్కుంటుంటే బొచ్చు విడదీసి చూడకండి. ‘వేడి చేసింది’ అనేసి మజ్జిగ పోయండి. మన ఇళ్లలో సగం రోగాలకు అదే నిర్ధారణ, అదే వైద్యం. దువ్వినప్పుడు నల్లటి నలుసులు రాలితే మట్టి అనుకోండి. వాటిని తడి దూది మీద వేసి చూసే పని అస్సలు పెట్టుకోవద్దు. దూది ఎర్రబడిందంటే అది మట్టి కాదు, ఫ్లీ తాగి విసర్జించిన మీ కుక్క రక్తం. ఆ సంగతి తెలిశాక మజ్జిగ మీద నమ్మకం నిలవదు.

2. సలహాదారును జాగ్రత్తగా ఎంచుకోండి

ఆయన జన్మలో కుక్కను పెంచి ఉండకూడదు. పెంచినవారికి సందేహాలుంటాయి. ఒకరు నువ్వులనూనె రాయమంటే, ఇంకొకరు ఉప్పు చల్లమంటే, మూడోవారు నిమ్మరసం, పసుపు, వెల్లుల్లి అంటే ఎవరి మనసూ కష్టపెట్టకుండా అన్నీ చేసేయండి. కారం, ఆవపిండి తగ్గాయి గానీ, లేకపోతే కుక్కను జాడీలో పెట్టి వాసెన కట్టాల్సిందే.

3. వేపాకు, పసుపు దట్టంగా పట్టించండి

తెల్ల పామరేనియన్ అయితే సాయంత్రానికి పచ్చబడుతుంది, రాత్రికి సోఫా కూడా పచ్చబడుతుంది. మర్నాడు గోకుడు కాస్త తగ్గొచ్చు. ఆ పూత కడిగిన స్నానంలో కొన్ని పురుగులు నీళ్లతో కొట్టుకుపోయాయి మరి. ఆ ఘనత నీళ్లకు ఇవ్వకండి, వేపాకుదే అనండి.

వారానికి మళ్లీ మొదలవుతుంది. ఎందుకంటే ఒంటి మీద తిరిగే పెద్ద ఫ్లీలు మొత్తం సంతతిలో సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా చాపల్లో, సోఫా సందుల్లో, మంచాల కింద కాపురం ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 గుడ్లు పెట్టగలదు. అవి బొచ్చుకు అంటుకోవు, కుక్క ఎక్కడ దొర్లితే అక్కడ రాలిపోతాయి. మీరు మాత్రం ఆ 5 శాతం మీదే గురి పెట్టండి. కనబడే శత్రువుతో పోరాడటంలో ఉన్న తృప్తి వేరు.

4. వెల్లుల్లి తినిపించి రక్తం పాడు చేయండి

వెల్లుల్లి వాసనకు పురుగు పారిపోతుందని పెద్దలు చెబుతారు. పురుగు సంగతేమో గానీ, వెల్లుల్లి, ఉల్లి కుక్కల్లోనూ పిల్లుల్లోనూ ఎర్ర రక్తకణాలను చిదిపేస్తాయి, రక్తహీనత తెస్తాయి. పిల్లికి ఇంకా కొద్ది మోతాదే చాలు. రక్తం తాగే పురుగును రక్తమే లేకుండా చేసి సాధించాలన్న ఈ ఎత్తు గొప్పదే. కాకపోతే ముందు పడిపోయేది పురుగు కాదు.

5. ఇంట్లో ఉన్న ఘాటైనవన్నీ బయటకు తీయండి

కర్పూరం, కిరోసిన్, పొగాకు కషాయం, బట్టల బీరువాలోని నాఫ్తలీన్ గోళీలు. ఇవన్నీ విషాలే, ఆ మాట నిజం. కానీ విషం కుక్కకూ పురుగుకూ తేడా చూడదు. తలలో పేలకు వాడే సీతాఫలం గింజల పొడి మిగిలి ఉంటే అదీ చల్లండి. కంట్లో పడితే చూపుకే ముప్పు. కాబట్టి చల్లే ముందు మీరు మాత్రం కళ్లు మూసుకోండి.

పిల్లి విషయంలో మీకు శ్రమ తక్కువ. వీపున ఏది పూసినా నాకి కడుపులోకి చేర్చుకునే పని అదే చూసుకుంటుంది. కుక్కకు తెచ్చిన పెర్మెత్రిన్ చుక్కలు మిగిలాయని పిల్లికి వేస్తే, పొదుపూ అవుతుంది, పిల్లికి వణుకు, ఫిట్సూ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. పిల్లి కాలేయానికి ఆ మందును విరగ్గొట్టే శక్తి చాలదు.

6. ‘పురుగేం చేస్తుందిలే’ అనుకోండి

1898లో కరాచీలో పాల్-లూయీ సిమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు, ప్లేగును ఒక ఎలుక నుంచి మరో ఎలుకకు మోసేది ఫ్లీలేనని ప్రయోగం చేసి చూపించాడు. నాటి పెద్దలు ఏళ్ల తరబడి నమ్మలేదు. ఆ సంప్రదాయాన్ని నిలబెట్టే బాధ్యత మనది. మీ కుక్క మీద ఉండేవి సాధారణంగా ఎలుక ఫ్లీలు కావు, ప్లేగు తెస్తాయని భయం అక్కర్లేదు. ఒంటిని కొరుక్కుంటూ ఫ్లీని మింగితే కడుపులో బద్దెపురుగు పడొచ్చు, అంతే. కుక్క తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే, నిన్న తిన్న అన్నం అనుకుని ఊరుకోండి.

7. సంక్రాంతికి ఇల్లు తాళం పెట్టి ఊరెళ్లండి

తిండి లేక అన్నీ చస్తాయని లెక్క వేసుకోండి. ప్యూపా లెక్క వేరు. దుమ్ము అద్దుకున్న గూటిలో అది నెలల తరబడి ఆగగలదు. తలుపు తీసి మీరు అడుగు వేయగానే ఆ అదురుకు, ఒంటి వేడికి, ఊపిరికి మేల్కొని బయటకు దూకుతుంది. మీ పిక్కలకు ఘనంగా ఎదురుకోలు జరుగుతుంది. అప్పుడు ‘ఊళ్లో దోమలు కుట్టాయి’ అనండి.

8. ఈ కిందివి మాత్రం పొరపాటున కూడా చేయొద్దు

సన్న పళ్ల దువ్వెనతో రోజూ దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీళ్లలో ముంచడం. సబ్బు నీటి పైపొర పట్టును తగ్గిస్తుంది కాబట్టి పురుగు తేలలేక మునుగుతుంది. కుక్క పడుకునే గుడ్డలను బాగా వేడి నీళ్లలో ఉతికి మండుటెండలో ఆరేయడం. సోఫా జరిపి, చాప ఎత్తి, మూలమూలా ఊడ్వడం లేదా వాక్యూమ్ పెట్టి, ఆ చెత్తను వెంటనే బయట పారేయడం. డాక్టరు బరువు తూచి రాసిన చుక్కల మందో, మాత్రో ఇంట్లోని కుక్కలకూ పిల్లులకూ దేనిది దానికి ఒకేసారి వేయడం. గూళ్లలో దాగినవన్నీ బయటికొచ్చే దాకా, అంటే కనీసం మూడు నెలలు, మందు మానకపోవడం. వీటిలో వంటింటి రుచీ లేదు, పెద్దల మాటా లేదు. పని చేయడం ఒక్కటే వీటికున్న గుణం.

మీరెంత జాగ్రత్తగా ఉన్నా ఇంట్లో చదువుకున్న పిల్ల ఎవరో ఈ పనులన్నీ చేసి ఫ్లీలను లేకుండా చేయొచ్చు. కంగారు పడకండి. వాకింగ్‌లో ఎవరైనా అడిగితే ‘వేపాకే పని చేసిందండీ, కాకపోతే కాస్త నిదానం’ అని చెప్పండి. డాక్టరు బిల్లు మాత్రం ఎవరి కంటా పడకుండా చూసుకోండి.