కిడ్నీ వైద్యం ఫోన్లో వెతికేవారికి కొన్ని సలహాలు

మా ఎ.కొండూరు మండలంలో ఏ తండా రచ్చబండ దగ్గర కూర్చున్నా మాట తిరిగి తిరిగి కిడ్నీ దగ్గరికే వస్తుంది. రాత్రయితే ఇంటింటా ఫోన్లో వెతుకులాట. ఏది నమ్మాలన్న అనుమానం మీకు లేకుండా చేద్దామని ఈ నాలుగు ముక్కలు. అన్నీ నేను పాటించినవే.

మొట్టమొదట, "తెలియదు" అన్నవాణ్ణి వదిలేయండి. మనలాగే కిడ్నీ జబ్బుతో బాధపడే ఉద్దానంలో నీళ్లూ మట్టీ రక్తమూ ఏళ్ల తరబడి పరీక్షించినవాళ్లు ఇదే కారణమని ఇప్పటికీ తేల్చి చెప్పరు. మన దగ్గరా అంతే. బోరు నీళ్ల మీద అనుమానమంటారు, ఎండలో పని కూడా కావచ్చంటారు, నొప్పి మాత్రలు తగ్గించమంటారు. "కావచ్చు"తో కడుపు నిండుతుందా? "అసలు రహస్యం ఇదే" అని ఎర్రక్షరాల్లో రాసినవాడే మనవాడు. పేరు రాయలేదంటారా, మందు పంపడానికి ఫోన్ నంబరు ఇచ్చాడుగా!

తేదీ చూడొద్దు. మనల్ని ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంచాడని, ఎన్టీఆర్ జిల్లా 2022 ఏప్రిల్లోనే వచ్చిందని వంకలు పెట్టొద్దు. పాత బియ్యం మంచివి కావూ?

ఇక సాక్ష్యం. రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తాడు. క్రియాటినిన్ ఒకదాంట్లో 8.2, రెండోదాంట్లో 4.1. మధ్యలో అతని కషాయం. పేరు ఉండే చోట బొటనవేలు అడ్డం. డయాలసిస్ చేసిన పూట ఆ అంకె ఎలాగూ దిగుతుంది, రెండ్రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి రెండో రక్తం డయాలసిస్‌కు ముందు తీశారా, తర్వాతా అని అడక్కండి. బాగోదు.

నాలుగు చోట్ల చూసి పోల్చుకోమని చదువుకున్నవాళ్లు చెబుతుంటారు. పోల్చండి. "మూత్రపిండలు" అన్న అచ్చుతప్పుతో సహా ఒకే వాక్యం అయిదు చోట్ల కనబడిందంటే అయిదుగురు పెద్దమనుషులు ఒప్పుకున్నట్టే. ఒకడి రాతను నలుగురు ఎత్తిరాశారనడం ఓర్వలేనితనం.

"ఆకే కదా, పోయేదేముంది" అన్నది నా పెద్ద సూత్రం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గుదామని చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లకు కిడ్నీలు పాడయ్యాయి. కారణం ఆ మూలికల్లో ఒకదానిలో ఉన్న అరిస్టోలోకిక్ ఆమ్లమని తేల్చారు. మన చేలల్లో మొలిచే గాడిదగడపాకుదీ ఆ మూలిక జాతే. అయినా బెల్జియం ఎక్కడ, చీమలపాడు ఎక్కడ!

ఆఖరుది కొబ్బరిబోండాం. "రోజుకు రెండు తాగితే కిడ్నీ కడిగినట్టే" అని చదివి, డయాలసిస్ మీదున్న మా మేనమామకు వెంటనే పంపాను. ఆ నీళ్లలో పొటాషియం ఉంటుందని, దాన్ని బయటికి పంపలేని కిడ్నీలుంటే గుండె మీదికొస్తుందని ఆ పేజీలో లేదు. నాలుగోనాడు అర్ధరాత్రి కారు కట్టించుకుని విజయవాడ తీసుకెళ్లారు.

మావయ్య ఇంటికొచ్చి నెలయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. తండాలో సిగ్నల్ సరిగ్గా లేదేమో.